గ్లాసు కింద దీపం

నందిగామ సైన్సు మాస్టారింట్లో పండక్కి వెల్ల వేయబోతుంటే, ఉడుకుతున్న సున్నం చిమ్మి ఆయన కూతురి కళ్లలో పడింది. దీపావళినాడు కట్లు విప్పారు. మాస్టారు నీళ్ల పళ్లెంలో ప్రమిద వెలిగించి కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"ఎడం కన్ను కనపడుతోందని అమ్మతో అన్నావట. దీపం కనపడుతోందా?"

"బాగా కనపడుతోంది నాన్నా."

"నిరుడు పండక్కి చేసిన ప్రయోగమే ఇది. దీపం మీద గ్లాసు బోర్లిస్తా. ఏమవుతుందో చూసి చెప్పు."

"దీపం ఆరిపోయింది. నీళ్లు గ్లాసులోకి ఎక్కుతున్నాయి."

ఆయన రెండో చేత్తో కూతురి తల నిమిరారు.

"తప్పు చెప్పానా నాన్నా?"

"గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది తల్లీ. దీపం వెలుగుతోంది."

"ఇవాళ అమ్మకి చెప్పకు నాన్నా. ఇన్నాళ్లకి కడుపు నిండా అన్నం తింది."