కాళ్లు కోసిన కుర్చీ

రూతు, ఇరవై ఆరేళ్లు, ఏ గుమ్మం ఎదురైనా తల వంచే అలవాటు. అలా చదవండి అయ్యగారూ, రేపు చదవక తప్పదంటే అలా చదవండి. పోయిన రెండు ఆదివారాలూ చర్చిలో ఏం చదివారు? "కుమారి రూతు, వయస్సు ఇరవై మూడు సంవత్సరములు." నాకు బాప్తీస్మం ఇచ్చిందే మీరు! నేను మీ చేతుల్లో ఏ ఏడాది ఏడ్చానో మీకు తెలీదూ?

మూడేళ్లు ఎటు పోయాయండీ? మలేషియాలో ఉన్న రెండేళ్లూ లెక్కలోకి రావనుకుందాం. మిగతా ఏడాది ఎవరు తిన్నారు?

కూర్చోమంటారా? వద్దండి. ఈమధ్య ఎవరైనా కూర్చోమంటే ఒళ్లు మండుతోంది నాకు. మీ వరండా కప్పు ఎత్తుగానే ఉంది, నిలబడే మాట్లాడతాను. మీరు కూర్చోండి. మెడ ఎత్తి చూడలేకపోతే నా మోచేతులతో మాట్లాడండి. చాలామంది అదే చేస్తారు.

రేపు మూడో ఆదివారం. మూడోసారి పెళ్లి ప్రకటన చదివేశారంటే ఇక నన్ను కట్టేసినట్టే. బాపట్ల నుంచి పెళ్లికొడుకు వాళ్లు కూడా వస్తున్నారు, చెవులారా వినడానికి. అందుకే ఇవాళ వచ్చాను. ఆ ప్రకటన చదవకండి. నా పాస్‌పోర్టు నాకిచ్చేయండి. అంతే.

ఏ పాస్‌పోర్టా! అయ్యో, మీ నోట ఆ మాట బాగాలేదండి. అన్నయ్య తెచ్చి మీకిచ్చాడని వదినే చెప్పింది. ప్రభురాత్రి భోజనం గిన్నె పెట్టే బీరువాలో పెట్టారట. మా ఇంట్లో అయితే నేను తీసేసుకుంటానని, దేవుడి దగ్గర అయితే చెయ్యి పెట్టనని.

అన్నయ్యని అడగమంటారు. అన్నయ్యని అడిగితే అయ్యగారిని అడగమంటాడు. మా బాస్కెట్‌బాల్ ఆటలో ఇలా ఇద్దరే బంతి అటూ ఇటూ విసురుకుంటూ కాలం గడిపితే విజిల్ వేసి బంతి లాక్కుంటారండి. ఇక్కడ విజిల్ వేసేవాళ్లు లేరు కదా, అదీ మీ ధైర్యం.

నాకు నవ్వులాటగా లేదండి. వచ్చేనెల సీజను మొదలు. పోయినవారం తెనాలి వెళ్లి ఎస్టీడీ బూత్‌లోంచి ఫోను చేశాను. మా కోచ్ ఒక్కటే అడిగింది, "వస్తావా, వేరే పిల్లని చూసుకోనా?" వస్తానన్నాను. ఎలా వస్తానో నాకే తెలీదు, అయినా వస్తానన్నాను. బూత్ కుర్రాడు నా ఎత్తు చూస్తూ బిల్లు ఇవ్వడం కూడా మరిచిపోయాడు.

టెలిగ్రాం ఏమని ఇచ్చాడండీ మా అన్నయ్య? "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ." మద్రాసులో విమానం దిగి, తెనాలిలో రైలు మారి, రేపల్లె పాసింజరులో ఏడుస్తూ కూర్చున్నాను. ఎదురుగా ఉన్న ముసలమ్మ నా కాళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో చూసి, "ఏడవకే తల్లీ, ఇక పెరగవులే" అని ఓదార్చింది.

ఇంటికొస్తే మా అమ్మ పెరట్లో రొయ్యలు వలుస్తోంది. సీరియస్‌గానే వలుస్తోంది.

"ఏంటమ్మా ఇది?" అన్నాను. "మీ అన్నయ్య చెప్పొద్దన్నాడే" అంది. మా అమ్మ అచ్చమ్మగారికి కొడుకు చెప్పొద్దంటే తన ఒంట్లో రోగం లేదన్న సంగతి కూడా చెప్పకూడదు. పైగా నా చెయ్యి పట్టుకుని, "ఎలాగూ వచ్చావుగా, ఈ రొయ్యలు నీకోసమే" అంది. తిన్నాను. ఏం చేయమంటారు, రెండేళ్లుగా తినలేదు.

దీనంతటికీ మూలం ఏంటో తెలుసా? ఒక పేపరు ముక్క. మలేషియాలో మేముండే ఈపో ఊళ్లో చైనా భాష పేపరొకటి వస్తుంది. అందులో నా ఫొటో పడింది. ఎగిరి బంతి అందుకుంటున్న ఫొటో. మురిసిపోయి ఇంటికి పంపాను. ఆ అక్షరాలు రేపల్లెలో ఒక్కళ్లకీ రావు. కానీ మా వీధంతా చదివేసింది! నిక్కరు వేసుకుందని చదివారు, చేతులెత్తిందని చదివారు, ఎవరితోనో లేచిపోబోతోందని కూడా చదివారట. ఆ చివరి ముక్క ఏ లైన్లో ఉందో చూపించమంటే ఎవరూ చూపించలేదు.

మీరూ చూశారు ఆ ఫొటో. మీ దగ్గరికి తెచ్చినప్పుడు తిరగేసి పట్టుకున్నారట. పాపభయం అనుకుంటా.

ఆట కూడా ఒక ఉద్యోగమేనా అంటారా? మీరు ఆదివారం గంటసేపు నిలబడి మాట్లాడినందుకు సంఘం జీతం ఇవ్వడం లేదూ? నేను నిలబడను, పరిగెత్తుతాను. అంతే తేడా. బిస్కెట్ల కంపెనీ వాళ్లు జట్టు పెట్టుకున్నారు, మద్రాసుకి ఆడటానికి వచ్చినప్పుడు నన్ను చూశారు, రమ్మన్నారు. తెనాలి రైల్వే స్టేషన్లో ఆటగత్తెనని ఇచ్చిన ఉద్యోగం ఉండేది, రాజీనామా ఇచ్చి వెళ్లాను. బాపట్ల వాళ్లకి మా అన్నయ్య ఏం చెప్పాడు? "మా చెల్లెలు ఫారిన్ బిస్కెట్ కంపెనీలో పనిచేస్తుందండి." అబద్ధం కాదు చూడండి! ఎంత తెలివి!

ఇక ఆ పెళ్లిచూపులు. మీరూ ఉన్నారుగా, నేను చెప్పాలా? చెప్తాను. మీరు మరిచిపోయినట్టున్నారు.

మా నాన్న కూర్చునే టేకు కుర్చీ ఉండేది. నాన్న పోయినా దాన్ని ఎవరం కదపలేదు. వాళ్లు రేపొస్తారనగా అన్నయ్య మత్తయిని పిలిపించి నాలుగు కాళ్లూ జానెడేసి కోయించాడు. మత్తయి వడ్రంగి కాబట్టి కుర్చీ కాళ్లు కోశాడు. మా అన్నయ్యకి డాక్టరు దొరికితే నా కాళ్లే కోయించేవాడు.

అందులో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. వదిన పైన శాలువా కప్పింది. ఎండలు మండుతుంటే శాలువా! పెళ్లికొడుకు తల్లి పుల్లమ్మగారు అడగనే అడిగారు. ఇక్కడి గాలి పడలేదన్నారు మావాళ్లు. మరి లేచి నమస్కారం పెట్టదేం అంటే, కాలు బెణికిందన్నారు.

ఆవిడ ఏం చేశారో తెలుసా? నా పక్కన నేలమీద చతికిలబడి, "లేవకమ్మా, లేవకు, నీకు పుణ్యం ఉంటుంది" అంటూ సంచీలోంచి అమృతాంజనం తీసి, బెణకని నా కాలికి రాశారు. కుడికాలని చెప్పారో ఎడమకాలని చెప్పారో గుర్తులేక నేను రెండూ ఇచ్చాను. నన్నెవరన్నా తిట్టినా తట్టుకుంటాను అయ్యగారూ. ఆవిడ అలా రాస్తుంటే మాత్రం కళ్లలో నీళ్లొచ్చాయి. మంట వల్ల అనుకున్నారు.

ఆ పెళ్లికొడుకు సామ్యేలు. పాపం, లెక్చరరుగారు. నా భుజం దాకా వస్తాడేమో, అదీ బూట్లతో. నాకేం ఇబ్బంది లేదండీ పొట్టివాడైతే. ఆయన అడిగింది ఒకే ఒక్క మాట, "మీ కంపెనీలో ఏ బిస్కెట్ బాగుంటుంది?" క్రీము బిస్కెట్ అన్నాను. ఆయన్ని కూడా కదా మీరంతా కలిసి మోసం చేస్తున్నది!

మరి పెళ్లినాడు లేచి నిలబడాలిగా, అప్పుడేం చేస్తావురా అని అమ్మే అడిగింది అన్నయ్యని. "పీఠం ముందు నిలబెట్టాక వెనక్కి ఎవడు పోతాడే? బంధువులందరి ముందు పరువు పోదూ?" అన్నాడు. రేపు చర్చిలో కూడా నేను లేవకూడదట. విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు సంఘమంతా లేస్తుంది కదా, నేను మాత్రం చాపమీదే ఉండాలి. కాలు బెణుకు. చూశారా, నేను దేవుణ్ణి నమ్ముతున్నానని కూడా కూర్చునే చెప్పాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రోజు మీరు ప్రార్థన చేశారు. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. నా మోకాళ్లు పట్టేశాయి, శాలువాలో చెమట కారిపోతోంది. ఎవరూ చూడటం లేదు కదా అని మెల్లిగా లేచాను. పూర్తిగా లేచాను. శాలువా జారిపోయింది. దూలానికి నా చెయ్యి తగిలింది.

అప్పుడు చూశాను. మీ కళ్లు తెరిచే ఉన్నాయి.

లేదంటారా? నన్నే చూశారు మీరు. ఆమేన్ నోటిదాకా వచ్చింది, మింగేశారు. మింగేసి మళ్లీ అందుకున్నారు. పొలాల కోసం, వానల కోసం, సర్కారు ఇళ్ల కోసం, ఏనాడూ మీరు అడగనివాళ్ల కోసం కూడా ప్రార్థించారు. నేను కూర్చునేదాకా సాగదీశారు. నేను కూర్చున్నాక ఆమేన్ అన్నారు.

నామీద జాలిపడి చేశారా, అన్నయ్య కోసం చేశారా? మీరే చెప్పండి. నాకు ఇప్పటికీ తెలీడం లేదు.

సరే, ఉండనివ్వండి. నా సంగతి చెప్పనా? ఆమేన్ అనేలోగా నేనే కూర్చున్నాను. ఎవరూ భుజం నొక్కలేదు. చైనా పిల్లలు ముగ్గురు మీదపడినా చోటు వదలని దాన్ని, మీరు రెండు ముక్కలు ఎక్కువ ప్రార్థన చేస్తే కూర్చుండిపోయాను. కూర్చుని శాలువా కూడా నేనే కప్పుకున్నాను.

అక్కడేమన్నా స్వర్గమా అని అడుగుతారని తెలుసు. కాదండి. హాస్టలు గేటుకి తాళం వేస్తారు. తాళంచెవి మేనేజరమ్మ నడుముకి ఉంటుంది. ఆట లేని రోజుల్లో డబ్బాల్లో బిస్కెట్లు సర్దిస్తారు. మోకాలు పాడైతే మర్నాడే టిక్కెట్టు కొనిచ్చి పంపేస్తారు, నా కళ్ల ముందే ఒక పిల్లని పంపారు. తల దూరని గుమ్మాలు అక్కడా ఉన్నాయి. నేను ఒక తాళం లోంచి ఇంకో తాళంలోకి పోవడానికే మిమ్మల్ని బతిమాలుతున్నాను. నవ్వకండి.

కానీ సాయంత్రం ఆ కోర్టులో దీపాలు వేశాక, కోచ్ ఒకటే అరుస్తుంది నన్ను చూసి. "ఇంకా పైకి! ఇంకా పైకి!" పుట్టి బుద్ధెరిగాక నాతో ఇంకెవరూ ఆ మాట అనలేదండి. ఒంగు, ఒదుగు, వెనక నిలబడు, ఫొటోలో కూర్చో... ఇవే విన్నాను.

కాదు, ఒక్కడు అన్నాడు. ఆయనే మా అన్నయ్య. తెనాలిలో చదువుకునేటప్పుడు స్కూలు వెనక కోర్టులో బంతి నా చేతికిచ్చి, "భయపడకే, పైకి చూడు, బోర్డు మీద ఆ గీత చూసి వెయ్యి" అన్నాడు. ఆయన్ని ఎవరూ జట్టులో తీసుకోలేదు. నన్ను తీసుకున్నారు. నేను గెలిచినప్పుడల్లా ఊరంతా తిరిగి చెప్పుకున్నదీ ఆయనే, ఇప్పుడు నాన్న కుర్చీ కోయించిందీ ఆయనే. పూర్తిగా చెడ్డవాడైతే ఎంత బాగుండేది! ఒక్క తోపు తోసి వెళ్లిపోయేదాన్ని.

నిన్న పొద్దున పెరట్లో ఎగిరి చూశాను. బంతి లేదు, ఉత్తినే. జామచెట్టు పైకొమ్మ, వచ్చిన వారంలో అందింది, ఇప్పుడు అందలేదు. అమ్మ కిటికీలోంచి చూసి, "కాయ కావాలా? కర్ర ఇవ్వనా?" అంది. కర్ర ఇమ్మన్నాను. కాయ కోసుకు తిన్నాను. అలా అలవాటవుతుందన్నమాట అన్నీ. నాకు భయం అదే.

ఏంటి, లేచారు? బీరువా వైపు కాదా... ఓహో, బైబిలుకా.

ఇవ్వరన్నమాట. మా అన్నయ్య ప్రభుదాసు మీమీద నమ్మకంతో ఇచ్చాడు, నిజమే. మగవాళ్ల నమ్మకం చాలా విలువైంది. నేను మిమ్మల్ని నమ్మి వచ్చింది మాత్రం గాలికి పోయినా పరవాలేదు.

ప్రార్థన చేద్దామా? చేయండి, నేనేం కాదనను. మోకరించమంటారా? మోకరిస్తానుగానీ, అప్పుడు కూడా మీ భుజం దాకా ఉంటాను, చూసుకోండి.

ఈసారి మటుకు కళ్లు గట్టిగా మూసుకోండి అయ్యగారూ. పొడిగించకండి.

మర్నాడు విశ్వాస ప్రమాణానికి సంఘంతోపాటు రూతు లేచి నిలబడింది, పుల్లమ్మగారి పక్కనే. పాస్‌పోర్టు చేతికొచ్చాక ఈపోలో మరి అయిదు సీజన్లు ఆడింది. రేపల్లెలో ఆమె పెళ్లి ప్రకటన మళ్లీ ఎవరూ చదవలేదు.