ఒక్క ప్రతికి నీడ

1972 చలికాలం. న్యూయార్క్‌లోని ఒక మగవాళ్ళ పత్రిక ఆఫీసులో, ఫొటోలకు మెరుగులు దిద్దే ముసలాయన బల్ల ముందు, ఆ నెల నడిమి పేజీలో నగ్నంగా అచ్చయిన యువతి కోటు కూడా విప్పకుండా నిలబడింది.

“నడుము కింద నీడ వేస్తానన్నారు కదండీ!”

“వేశానమ్మా. పైవాళ్ళు నేను దిద్దింది పక్కన పడేసి అసలు ఫొటోనే వేయించారు.”

“ఎందుకని?”

“పోటీ పత్రికవాడు పోయిన నెల ఏ నీడా లేకుండా వేశాడు. వాడిదే ఎక్కువ అమ్ముడుపోయింది. మనమేం తక్కువ తిన్నామా అన్నారు.”

“వాళ్ళ పంతాలకి నేనే దొరికానా! నీడ ఉంటుందంటేనే మా నాన్న ఒప్పుకున్నాడు. మా ఊరు స్క్రాంటన్‌లో ఆయనది సెలూన్. మీ పత్రిక అక్కడ బెంచీ మీదే పడుంటుంది.”

“మీ నాన్న చూశారా?”

“ఆ పేజీ తెరవలేదట. కానీ ఏళ్ళ తరబడి వచ్చేవాళ్ళు రావడం మానేశారు. కుర్చీలో కూర్చుంటే అద్దంలో ఆయన మొహం చూడాలి కదా.”

“నన్నేం చెయ్యమంటావు తల్లీ?”

ఆమె కోటులోంచి పత్రిక తీసి బల్ల మీద పరిచింది.

“ఈ ఒక్కదానికి నీడ వెయ్యండి. అచ్చయింది ఇదేనని నాన్నకి చూపిస్తాను.”

“ఊరంతా చూసింది కదమ్మా. నమ్ముతారా?”

“నమ్మడు. నమ్మినట్టు ఉండడానికైనా ఆయన చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదండీ.”