బ్రిడ్జి మీదికెళ్లి

గోదావరికి మహారాష్ట్ర వైపున్న సిరోంచలో బండ్ల కాగితాలు చేయించే ఏజెంటు దగ్గరికి ఒకామె ఇసుక పట్టిన బైకును తోసుకుంటూ వచ్చింది.

"అన్నా, మంచిర్యాలల కొన్న బండి ఇది. మన గడ్చిరోలి నంబరు ఎక్కియ్యాలె."

"బండి ఇటు మార్చుకోనీకి అక్కడి ఆఫీసు ఎన్‌ఓసీ ఇచ్చిందా?"

"నిన్ననే వచ్చింది."

"ఇగ ఫికర్ లేదు. మీ ఆయనను పంపు, సంతకాలు చెయ్యాలె."

"ఆయన లేడన్నా. తెలంగాణ నంబరని బ్రిడ్జి మీద పోలీసులు ఊకె ఆపుతున్నరని, పోయిన నెల ఇసుకలకెళ్లి గోదారి దాటవోయిండు. పైనుంచి నీళ్లొచ్చినయ్."

"అయ్యో. జర ఆగితే పని అయిపోతుండె గదా."

"ఆగమనే చెప్పిన."

"చెల్లె, ముందు బండి నీ పేరు మీదికి మారాలె. నీకు నడపొస్తదా?"

"రాదు. బిడ్డ గోదారి అవతలి కాలేజీకి నడుపుతది. అదన్న బ్రిడ్జి మీదికెళ్లి ఇంటికి రావాలె."