పుస్తకంలో లేని ఫ్రెంచి

నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెట్ల కింద నర్సు ఇరమ్, ఆయా వీరమ్మ టీ తాగుతున్నారు. ఇరమ్ చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది.

“ఏందే, టీ చల్లారిపోతంది. ఇంకా ఆ ఫ్రెంచేనా? పరీక్ష పాసయ్యావుగా.”

“అది పుస్తకం ఫ్రెంచి అత్తా. జనం మాట్లాడేది వేరంట. కడుపుకి నేను నేర్చుకున్న మాట ఒకటి, వాళ్ళు వాడేది ‘బీద్’.”

“నేర్చుకో మరి.”

“ఎన్నని నేర్చుకోను? ‘క్రెవే’ అంటే చచ్చానని. బాగా అలిసిపోయినా అదే అంటారంట.”

“మనమూ అంటాంగా, చచ్చానే తల్లీ అని.”

“ఏ పేషెంటన్నా నిజంగా ప్రాణం పోతా ఆ మాట అన్నాడనుకో? అలిసిపోయాడులే అని నేను దుప్పటి కప్పి వచ్చేస్తే?”

వీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నవ్వొద్దత్తా. వచ్చే నెల ఫ్రాన్సులో, ముసలోళ్ళ వార్డులో డ్యూటీ నాకు.”

“నవ్వట్లేదే. ఇక్కడ చేరిన కొత్తల్లో, నకరికల్లు ముసలామె కడుపులో దేవుతందంటే తెల్లమొహం వేశావు. గుర్తుందా? టౌను పిల్లవి, ఇంట్లో ఉర్దూ, నీకేం తెలుసు.”

“నువ్వే బేసిన్ తెచ్చి పెట్టావు. ఆమెకి వాంతికొస్తందే అని చెప్పావు.”

“మూడు నెలలు తిరిగేసరికి అన్నీ వచ్చినయ్‌గా.”

“నువ్వు పక్కనుండబట్టి వచ్చినయ్. అక్కడ నువ్వుండవుగా.”

“నాలాంటిది ఉంటది. ఏ ఆసుపత్రిలో అయినా నేల తుడిచే ఆడది ఒకత్తి ఉంటది. అక్కడికి పోయిన రోజే దాని పక్కన కూర్చుని టీ తాగు.”