పన్నెండో ఇల్లు

తల కదపకన్నయ్యా! ఈ నల్లరంగు చెవికంటుకుందంటే వారం దాకా పోదు. నిన్న ట్రైనింగులో తీసిన ఫోటోలో జుట్టు తెల్లగా పడిందని పొద్దున్నుంచీ ఒకటే గోల! యాభై రెండేళ్ళకి తెల్లబడక ఏమవుతుందట? అబ్బ, ఆ ఫోటో కింద పెట్టు ముందు.

అయినా ఎవరితో చెబుతున్నాను నేను? మూడో ఏట జ్వరంలోనే నీ చెవులు పోయాయి. ఎదురుగా ఉంటే నా చేతులు చూసి జవాబిస్తావు. వెనక నిలబడితే గోడతో చెప్పుకున్నట్టే. రంగు ఆరేదాకా ఇటు తిరగవు కదా, అందుకే ఇప్పుడు చెబుతున్నా. పిరికిదాన్నే, ఏం చెయ్యను?

ఈ ఊళ్ళో రోజంతా బయట హిందీ. అమ్మ పోయాక తెలుగు మాట్లాడేది నీతోనే. నీకేమో వినబడదు. బాగుంది కదూ మన కాపురం!

పద్దెనిమిదేళ్ళుగా ఇంటింటికీ తిరిగి జబ్బుల వివరాలు రాసుకొస్తున్నాను. ఇప్పుడు ఎలా అడగాలో మాకు నేర్పుతోంది ఆ నీలిమా మేడం! దేవేంద్ర నగర్ హాల్లో చక్రాల కుర్చీలో కూర్చుని మా ఇరవైమందినీ కడిగేసింది. "చూపు లేనివాళ్ళనీ, చెవులు వినబడనివాళ్ళనీ వదిలేసి వచ్చేస్తారు. పక్కనున్నవాళ్ళని అడిగి ఏదో గీకేస్తారు. ఆ తర్వాత మీ రిపోర్టులో వాళ్ళకి ఒక్క జబ్బూ ఉండదు" అంది.

కోపమొచ్చింది నాకు. రోజుకి పన్నెండిళ్ళు పూర్తి చెయ్యమని పైనుంచి తరుముతుంటే తెలిసేది ఆవిడకి!

అరే, గోక్కోకు. మంటగా ఉందా? ఓర్చుకో, అయిపోయింది.

ఆరేళ్ళ క్రితం షుగర్ సర్వే గుర్తుందా నీకు? మన పేట మోవాలో మన వీధి కూడా అందులోకి వచ్చింది. ఈ వీధిలో అందరి వేలూ పొడిచి నెత్తురు చూశాను. ఆ రోజు పన్నెండో ఇల్లు మనదే. కాళ్ళు పీకుతున్నాయి. ఈ మంచం మీదే కూర్చుని నా ఫారం నింపుకున్నాను. రెండోది నీది. నలభై ప్రశ్నలు. నిన్ను అడగాలంటే గంట పడుతుంది. "జవాబు చెప్పలేరు" అని ఒక గడి ఉంది అందులో. టిక్కు పెట్టేశాను, నీ వేలు కూడా పొడవలేదు. నువ్వు ఆ గుమ్మంలోనే కూర్చుని నాకోసం బెండకాయలు తరుగుతున్నావు.

చెప్పలేవా నువ్వు? దాహానికి సైగ లేదా మనకి? బొటనవేలు నోటి దగ్గర పెట్టడం అమ్మ నేర్పలేదా? అప్పటికే గంటకోసారి బిందె దగ్గరికెళ్ళేవాడివి. వేసవి కదా అనుకున్నాను. వీధిలో అందరి దాహమూ రాసుకొచ్చాను, నీది తప్ప.

మొన్న కంటి క్యాంపులో డాక్టరు ఏమన్నాడో నీకు సగమే చెప్పాను. "ఏళ్ళ తరబడి షుగరుంది, ఎవరూ చూడలేదా?" అన్నాడు. చేతికందేంత దూరం దాటితే నీకు మసకే ఇప్పుడు. పండరీ బజారులో నువ్వు పనిచేసే బట్టల కొట్టు యజమాని ఫోను చేశాడు. నీలం తానులు తీసుకెళ్ళి నల్లవాటిలో కలిపేస్తున్నావట. ఆ కాస్త చూపూ పోతే నీతో ఎలా మాట్లాడాలి నేను? నాకు మాత్రం ఎవరున్నారన్నయ్యా?

ఇది కూడా అసలు సంగతి కాదు. నిన్నటిది చెప్పాలి.

మావాళ్ళు అడగడం నేర్చుకోవడానికి నిన్ను తీసుకురమ్మంది మేడం. సైగల భాష తెలిసినాయన వచ్చాడు కానీ, ఆయనది బడిలో నేర్పేది, నీది అమ్మ చేతి భాష. అందుకని మధ్యలో నన్ను నిలబెట్టారు. మాతో ట్రైనింగుకొచ్చిన నవ్య అనే ఆ చిన్నపిల్ల ఎంత బాగా అడిగిందో! నా వైపు చూడలేదు, నీ మొహంలోకే చూస్తూ అడిగింది. "ఇంతకుముందు మిమ్మల్నెవరైనా ఇలా కూర్చుని అడిగారా?" అని.

నువ్వు నవ్వావు. నన్ను చూపించావు. భుజానికి సంచీ, తలుపు కొట్టడం, రాసుకోవడం, అన్నీ చేసి చూపించావు. ఎంత గర్వంగా చూపించావో! ఆ తర్వాత నీ గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఖాళీ అరచెయ్యి తెరిచావు.

అందరినీ అడుగుతుంది, నన్నే అడగలేదు. అంతే కదా నువ్వన్నది? నిష్ఠూరం కూడా లేదు అందులో.

హాలంతా నా మొహం చూస్తోంది. నేనేం చెప్పానో తెలుసా? "అడిగారట. మా చెల్లెలే అడిగిందంటున్నాడు" అన్నాను.

చప్పట్లు కొట్టారన్నయ్యా! వాళ్ళు కొడుతుంటే చూసి నువ్వు కూడా కొట్టావు. ఆ ఫోటో అప్పటిదే. అందులో నేను తల దించుకునే ఉన్నాను చూడు. ఆరేళ్ళ క్రితం నిన్ను అడగలేదు. నిన్న నువ్వు చెప్పినదాన్నీ మింగేశాను.

అయింది, లే. ఇటు తిరుగు. ఏంటా? ఏం లేదు, నా కళ్ళలో రంగు పడింది.

నిన్నటి ఫారం ఒకటి తెచ్చాను. నలభై ప్రశ్నలూ ఇవాళే అడుగుతాను, సాయంత్రమైనా సరే. నలభై అయ్యాక ఇందాక వెనక నిలబడి చెప్పిందంతా నీ ఎదుట చెబుతాను. మొదట చూపు. నేను గుమ్మం దగ్గరికెళ్ళి వేళ్ళు చూపిస్తాను, క్యాంపులో చేశారే, అలాగే. ఎన్నో చెప్పు. సరేనా? కదలకు.

మూడా?

నవ్వకన్నయ్యా. సరిగ్గా చూసి చెప్పు. మళ్ళీ మూడేనా?

నేనింకా చెయ్యి ఎత్తనే లేదు.