దురదగొండి శాలువా

పెడన కాలవగట్టు మీద ఉతికిన కలంకారీ గుడ్డలు ఆరుతున్నాయి. చేతికి పాత చీర పేలిక చుట్టుకుని ఒకావిడ శాలువాకి దురదగొండి ఆకు రుద్దుతోంది. ఆడపడుచు చూసి అదిరిపడింది.

"వదినా, అది మన వీధి నాగభూషణరావు గారి శాలువా కదా! సాయంత్రం సన్మానంలో ఆయనకి కప్పేది!"

"అదే. ఉతికి ఆరేసిమ్మని నాకే పంపాడు. ఎంత పొగరు!"

"దాని మీద నెమలి అన్నయ్య చెక్కిన అచ్చుదే!"

"మీ అన్నయ్య పోయిన పదోరోజున, చూసి ఇస్తానని ఆ అచ్చు పట్టుకెళ్ళాడు. ఇప్పుడది వాళ్ళ తాతదంట. ఆ నెమలికే ఈ సన్మానం."

"కప్పేవాళ్ళ చేతులు మండవూ?"

"పైవైపు ముట్టుకోలేదు. మెడకి తగిలే వైపే రుద్దాను."

"గోక్కుంటూ ఇంటికెళ్ళి స్నానం చేస్తాడు. మనకేం ఒరిగింది?"

"నీళ్ళు పడితే ఇంకా మండుద్ది. పేడ పూసుకుంటేనే తగ్గుద్దని అతనికీ తెలుసు."

రంగు పాకకుండా అద్దకం గుడ్డని పాలల్లో నానబెట్టడానికి ఆవిడ ఇంకా గేదెను మేపుతోంది. మిగతావాళ్ళంతా ప్యాకెట్ పాలకి మారిపోయారు. అది తలుచుకుని ఆవిడ చాన్నాళ్ళకి నవ్వింది.

"ఈ వీధిలో గేదె ఉన్నది నాకొక్కదానికే."

"వచ్చి అడిగితే ఇవ్వవా?"

"ఎందుకివ్వను? పొద్దున్నే దొడ్డంతా ఊడ్చి, పేడంతా బుట్టకెత్తి గదిలో పెట్టి తాళం వేశాను. ఆ అచ్చు తెచ్చి నా గుమ్మంలో పెట్టమను. జనం చూస్తుండగా ఆ సన్మానం నా చేత్తో నేనే చేస్తాను."