కుంట బలం గోడకెక్కించిన పరుశురాం గారు

1991 ఆగస్టు 5న మన విశ్వవిద్యాలయ పర్యావరణ ఇంజనీరింగ్ విభాగంలో చేరిన ఆచార్య పరుశురాం గారు, మెట్టుగూడ నుంచి సైకిల్‌పై వస్తూ, దారిలో కనిపించిన ప్రతి మురుగుకాలువ వద్దా దిగి సీసాలు నింపుకునేవారట. ఆ పరిమళానికి స్టాఫ్ రూములో ఆయన పక్క కుర్చీ ఏళ్లతరబడి ఖాళీగా ఉండి, చివరికి కొత్తగా చేరిన నాకు దక్కింది.

మురుగునీటిలో మొక్కలకు బలమిచ్చే భాస్వరాన్ని సున్నంతో పట్టి, అలా పేరుకున్న మడ్డిని థర్మల్ కేంద్రాల బూడిదతో కలిపి ఇటుకలుగా మలచే విధానాన్ని రూపొందించిన వారు, విభాగాధిపతిగానూ ఎందరో పరిశోధకులను తీర్చిదిద్దారు.

తార్నాకలో ఒక కాలనీ కుంట పక్కన శుద్ధి కేంద్రం తలపెట్టినప్పుడు, “నీటిలోని పోషకాలను సంపూర్ణంగా తొలగిస్తాం” అని కరపత్రం స్వయంగా రాసి పంచారు. మరునాడే కాలనీ సంఘం అధ్యక్షులు భూపాల్ గారు పదిమందిని వెంటబెట్టుకొచ్చి, పోషకాలన్నీ తీసేస్తే తమ పార్కు చెట్లు ఏం తిని బతకాలని నిలదీశారు. గ్రాంథిక భాష మీద మమకారం మా ఆచార్యుల వారిని అట్లా ఇరికించింది.

ఆయన నొచ్చుకోలేదు. “బలం ఎక్కువైతే కుంట నిండ గుర్రపుడెక్క పెరుగుతది భూపాలన్నా, చేపలకు ఊపిరాడదు. గా ఎక్కువైన బలాన్నే తీసి ఇటుకల పెడుతున్నం” అన్నారు. వచ్చినవారు శాంతించారు. భూపాల్ గారు మాత్రం, “మరి వాన పడితే ఇటుకల బలం మళ్ల కుంటలకే రాదా సార్?” అన్నారు.

ఆ ప్రశ్న వారిని కుదురుగా కూర్చోనివ్వలేదు. ప్రయోగశాలలో నెగ్గిన ఇటుక అసలు వానకు ఓడిపోతే, జీవితకాల కృషి యావత్తూ మురికిని ఒకచోటి నుంచి మరోచోటికి మోసినట్టే కదా! ఆ ఇటుకలతోనే కుంట గట్టున గోడ కట్టించి, వాన పడ్డప్పుడల్లా పరుగున పోయి, గోడ మీదుగా కారే నీటిని పట్టి పరీక్షించారు. పక్కన నిలబడి గొడుగు పట్టిన వారి సతీమణి స్వరూప గారినీ ఈ సందర్భంగా అభినందించక తప్పదు.

ఉద్యోగంలో ఆఖరి వర్షాకాలమూ ముగుస్తుండగా, పోయిన వారం తుది ఫలితం వచ్చింది. గోడను తడిపిన నీటిలో, మామూలు వాననీటిలో కంటే భాస్వరం ఎక్కువ లేదు. పరుశురాం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, “ఇగ నిమ్మళం” అన్నారు. మా అందరి గుండెల మీది బరువు దిగింది.

ఈ నెలాఖరున విరమణ పొందుతున్న వారు, ఇకపై వాన మొదలైనా కుర్చీలోంచి లేవవలసిన అగత్యం లేక, స్వరూప గారితో తాపీగా చాయ్ తాగుతూ, వానను ఉట్టి వానగా చూసే భాగ్యాన్ని ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లూ అనుభవించాలని మనసారా కోరుకుంటున్నాము.